ఏళ్లనాటి భయానికి చికిత్స

తప్పించుకునే దారి లేని చోట నెలల తరబడి, ఏళ్ల తరబడి హింసను భరించినవాళ్లలో ఆ హింస ఆగిపోయాక కూడా మిగిలిపోయే స్థితిని దీర్ఘకాల మానసిక గాయం అంటారు. ఇంట్లోవాళ్ల చేతుల్లోనే లైంగిక వేధింపులకు గురైన పిల్లలు, రోజూ తాగొచ్చి కొట్టే భర్తతో కాపురం చేసిన స్త్రీలు, ఉద్యోగమని నమ్మి అమ్ముడుపోయిన ఆడపిల్లలు, లాకప్పుల్లో చిత్రహింసలు పడినవాళ్లు, యుద్ధానికి ఊళ్లు వదిలి శరణార్థి శిబిరాలకు చేరినవాళ్లు. వీళ్లలో ఎవరి కథ వాళ్లదే. బాధల్లో మాత్రం ఎంతో పోలిక ఉంది. ఆ పోలికను వైద్యశాస్త్రం గుర్తించింది గానీ, చాలా ఆలస్యంగా గుర్తించింది.

మొదటి ప్రపంచయుద్ధంలో కందకాల్లోంచి వణుకుతూ, మాట పడిపోయి వచ్చిన సైనికుల జబ్బును 'షెల్ షాక్' అన్నారు. బ్రిటిష్ వైద్యుడు చార్లెస్ మయర్స్ 1915లో ఆ పేరుతో లాన్సెట్ పత్రికలో రాశాడు. అంతకుముందు నీలగిరుల్లో తోడాల జీవితం మీద పరిశోధన చేసిన డబ్ల్యు.హెచ్.ఆర్. రివర్స్, స్కాట్లండ్‌లోని క్రెయిగ్‌లాక్‌హార్ట్ ఆసుపత్రిలో ఇలాంటి సైనికాధికారులకు వైద్యం చేశాడు. 'జరిగింది మనసులోకి రానివ్వకు' అనే సలహాయే వాళ్లకు ఎక్కువ చెరుపు చేస్తోందని ఆయన గమనించాడు. యుద్ధం ముగిశాక ఈ సంగతి మరుగున పడింది. వియత్నాం నుంచి తిరిగొచ్చిన సైనికుల గురించి అమెరికాలో పెద్ద పోరు నడిచాక గానీ, 1980లో పీటీఎస్‌డీ (పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్) అనే రోగం అక్కడి సైకియాట్రిస్టుల అధికారిక పట్టికలోకి ఎక్కలేదు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచి వేలమందిని పొట్టన పెట్టుకున్న నాటికి, బతికి బయటపడ్డవాళ్లు రాత్రుళ్లు పడిన బాధకు వైద్యంలో ఈ పేరే లేదు.

పీటీఎస్‌డీ అన్న పేరు కూడా అందరికీ సరిపోలేదు. యుద్ధం, ప్రమాదం లాంటి పెద్ద దెబ్బ తిన్నవాళ్లను దృష్టిలో పెట్టుకుని చేసిన నిర్వచనం అది. అమెరికన్ సైకియాట్రిస్ట్ జూడిత్ హెర్మన్ 1992లో 'ట్రామా అండ్ రికవరీ' పుస్తకంలో వేరే మాట చెప్పింది: బందీగా బతికిన మనిషికి భయంతో పాటు తానెవరో అన్న భావన కూడా దెబ్బతింటుందని. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి 2022 జనవరి 1 నుంచి అమల్లోకి తెచ్చిన ఐసీడీ-11 రోగాల పట్టికలో 'కాంప్లెక్స్ పీటీఎస్‌డీ' విడిగా చోటు చేసుకుంది. పీటీఎస్‌డీ లక్షణాలు మూడూ ఇందులో ఉంటాయి: జరిగినది మళ్లీ ఇప్పుడే జరుగుతున్నట్టు అనిపించడం, దాన్ని గుర్తుచేసే మనుషుల నుంచీ చోట్ల నుంచీ తప్పుకు తిరగడం, ప్రమాదం పొంచి ఉన్నట్టు నిత్యం ఉలికిపడుతూ ఉండడం. వీటికి తోడు కోపమో దుఃఖమో వస్తే అదుపు తప్పడం లేదా పూర్తిగా మొద్దుబారిపోవడం, 'నేనే చెడ్డదాన్ని', 'నాదే తప్పు' అన్న నమ్మకం పాతుకుపోవడం, మనుషులకు దగ్గర కాలేకపోవడం కూడా ఉంటాయి. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ పట్టికలో మాత్రం దీనికి ఇప్పటికీ విడి పేరు లేదు.

మెదడులో జరిగేది

మామూలు జ్ఞాపకానికి తేదీ ఉంటుంది, చోటు ఉంటుంది. పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు గుర్తొస్తే, అది ఎప్పటి మాటో వెంటనే తెలుస్తుంది. సంఘటనను కాలంతో, స్థలంతో ముడిపెట్టే పనిలో హిప్పోకాంపస్ అనే భాగానిది ముఖ్య పాత్ర. ప్రమాదాన్ని పసిగట్టి గుండెను, ఊపిరిని, కండరాలను అప్రమత్తం చేసేది అమిగ్డాలా. విపరీతమైన భయంలో అమిగ్డాలా వాసనలను, చప్పుళ్లను, ఒంటి నొప్పిని గట్టిగా పట్టి ఉంచుతుంది. వాటిని వరసలో పెట్టి 'ఇది ఫలానా రోజున, ఫలానా చోట జరిగింది' అని కట్టే పని సగంలో ఆగిపోతుంది. అందుకే తండ్రి బెల్టు దెబ్బలు తిని పెరిగిన నలభై ఏళ్ల మనిషికి, పక్క గదిలో ఎవరో బెల్టు బకిల్ తీసిన చప్పుడు వినబడగానే ఒళ్లంతా చెమటలు పడతాయి. ఆ క్షణంలో అతని శరీరానికి మధ్యలో గడిచిన ముప్పై ఏళ్లు లేవు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పీటీఎస్‌డీ ఉన్నవాళ్లలో హిప్పోకాంపస్ చిన్నదిగా ఉంటుందని స్కానులు చూపగానే, గాయమే దాన్ని తినేసిందని చాలామంది రాశారు. 2002లో మార్క్ గిల్బర్ట్‌సన్ బృందం కవల సోదరులను పరిశీలించింది. ఒకరు వియత్నాం యుద్ధానికి వెళ్లారు, ఇంకొకరు వెళ్లలేదు. యుద్ధానికి వెళ్లి తీవ్రమైన పీటీఎస్‌డీ తెచ్చుకున్నవాళ్లలోనే కాక, ఇంటి దగ్గరే ఉన్న వాళ్ల కవలల్లో కూడా హిప్పోకాంపస్ చిన్నగానే కనిపించింది. అంటే ఆ తేడా కొంతవరకు ముందే ఉండి ఉండాలి. 'ట్రామా మెదడును పాడు చేసేస్తుంది' అని రోగికి తేలిగ్గా చెప్పేయడం సరి కాదు. ఇక బాగుపడనని ఆ మనిషి అనుకునే ప్రమాదం ఉంది.

ఏళ్ల తరబడి సాగిన హింస గురించి అంతకన్నా విలువైన సంగతి ఇంకో పరిశోధనలో తేలింది. 1967లో పెన్సిల్వేనియాలో మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మేయర్ కొన్ని కుక్కలకు, అవి ఏం చేసినా ఆగని కరెంటు షాకులు ఇచ్చారు. తర్వాత చిన్న గోడ దూకితే తప్పించుకోగలిగే పెట్టెలో పెట్టినా, వాటిలో చాలావరకు కదలకుండా పడుకుని దెబ్బ తిన్నాయి. ఆ జంతువులు నిస్సహాయతను నేర్చుకున్నాయని వాళ్లు తీర్మానించారు. దాదాపు యాభై ఏళ్ల తర్వాత, 2016లో, ఆ ఇద్దరే తమ సిద్ధాంతాన్ని తిరగేశారు. ఎడతెగని బాధ ఎదురైతే చతికిలబడిపోవడం మెదడుకు పుట్టుకతో వచ్చిన స్పందనేనని, 'నేను చేసే పనికి ఫలితం ఉంది' అన్నదే అనుభవంతో నేర్చుకోవాల్సిన విషయమని, ఆ నేర్పు మెదడు ముందుభాగంలోని ప్రీఫ్రంటల్ కార్టెక్స్ ద్వారా వస్తుందని మేయర్ ఎలుకల మీద చేసిన ప్రయోగాలు తేల్చాయి. 'అన్నేళ్లు ఎందుకు పడి ఉంది? ఎప్పుడో బయటకు రావచ్చుగా?' అని బాధితురాలిని నిలదీసేవాళ్లకు ఇంతకన్నా సూటి జవాబు లేదు. చికిత్సకు పునాది కూడా ఇదే. కుర్చీ ఎక్కడ వేసుకోవాలి, తలుపు తెరిచి ఉంచాలా మూయాలా, ఇవాళ ఎంతవరకు మాట్లాడాలి అన్న చిన్న చిన్న నిర్ణయాలను మంచి థెరపిస్టు మొదటి రోజు నుంచే రోగి చేతికి ఇస్తాడు. ఏళ్లపాటు ఏ నిర్ణయమూ తన చేతిలో లేని మనిషికి ఇది మర్యాద మాత్రమే కాదు, వైద్యంలో భాగం.

ముందు భద్రత

తెలుగు ఇళ్లలో ఈ బాధ చాలాసార్లు ఒంటి నొప్పిగా బయటపడుతుంది. తలనొప్పి, గుండెదడ, కాళ్లూ చేతులూ లాగడం, ఒళ్లంతా మంటలు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తే ఒక సెలైన్ బాటిల్, ఒక బీ-కాంప్లెక్స్ ఇంజెక్షన్. పట్నం ఆసుపత్రిలో స్కానింగులు, 'ఏమీ లేదు' అన్న రిపోర్టు. ఏమీ లేదన్న మాట విన్నాక, నటిస్తోందన్న నింద కూడా వచ్చి పడుతుంది. కొందరిని తాయెత్తుకో, భూతవైద్యుడి దగ్గరికో తీసుకెళ్తారు. ఒంటి నొప్పులు నిజమైన నొప్పులే. వాటికి కారణం కనబడకపోతే, ఇంట్లో పరిస్థితి ఎలా ఉందో ఏకాంతంలో అడిగి తెలుసుకోవడం డాక్టరు చేయాల్సిన మొదటి పని.

హెర్మన్ చికిత్సను మూడు దశలుగా చెప్పింది: భద్రత, జ్ఞాపకం తెచ్చుకుని శోకించడం, మనుషుల్లో మళ్లీ కలవడం. ఈ ఆలోచన ఫ్రెంచి వైద్యుడు పియర్ జానే పంతొమ్మిదో శతాబ్దం చివర్లోనే చెప్పినదానికి దగ్గరగా ఉంటుంది. భద్రత అన్నమాటను అక్షరాలా తీసుకోవాలి. కొట్టే మనిషి ఇంకా ఆ ఇంట్లోనే ఉంటే, ఆమె భయం రోగలక్షణం కాదు, సరైన అంచనా. అలాంటప్పుడు కావలసినది ఉండడానికి చోటు, చేతిలో నాలుగు డబ్బులు, గృహహింస చట్టం 2005 కింద రక్షణ ఉత్తర్వు. ఇవి లేకుండా చేసే కౌన్సెలింగ్ 'సర్దుకుపో' అన్న సలహాకే చక్కని పేరు. పిల్లల విషయంలో పోక్సో చట్టం ఈ సంగతిని కొంతవరకు అర్థం చేసుకుంది. వాంగ్మూలాన్ని పిల్లల ఇంట్లోనో, పిల్లలు కోరుకున్న చోటో తీసుకోవాలని, అధికారి యూనిఫాంలో ఉండకూడదని, కోర్టుకు పదేపదే పిలవకూడదని అందులో రాసి ఉంది.

బయటి భద్రత కుదిరాక లోపలి భద్రత సంగతి. జ్ఞాపకం ముంచుకొచ్చినప్పుడు తిరిగి ఈ క్షణానికి రావడం నేర్పిస్తారు. బాగా వాడుకలో ఉన్న పద్ధతి ఒకటుంది. కళ్లు తెరిచి ఎదురుగా కనబడుతున్న ఐదు వస్తువుల పేర్లు పైకి చెప్పాలి: ఫ్యాను, క్యాలెండరు, నీళ్ల సీసా, కిటికీ ఊచ, చెప్పులు. తర్వాత చేతికి తగులుతున్నవి నాలుగు, చెవికి వినబడుతున్నవి మూడు, వాసనలు రెండు, రుచి ఒకటి. ఆపైన ఇవాళ ఏ తేదీ, ఇది ఏ ఊరు, నా వయసెంత అని తనను తాను అడగాలి. చూడటానికి పిల్లల ఆటలా ఉన్నా, దీని పని స్పష్టం: అప్పటి గదిలో ఇరుక్కున్న మెదడుకు ఇప్పటి గది ఆనవాళ్లు అందించడం. కళ్లు మూసుకుని ధ్యానం చేయమనడం చాలామందికి మేలు చేయవచ్చు గానీ, వీళ్లలో కొందరికి కళ్లు మూసుకోవడమే భయం. 2014లో బెస్సెల్ వాన్‌డెర్‌కోక్ బృందం ఇతర చికిత్సలకు లొంగని పీటీఎస్‌డీ ఉన్న 64 మంది స్త్రీల మీద యోగాను పరీక్షించింది. పది వారాల తర్వాత యోగా చేసినవాళ్లలో సగానికి పైగా రోగ నిర్ధారణ పరిధి నుంచి బయటపడ్డారు. పోల్చి చూసిన గుంపులో అలా బయటపడినవాళ్లు ఐదో వంతే. ఇలాంటివాళ్ల కోసం తీర్చిన యోగాలో గురువు ఎవరినీ చేత్తో పట్టి సరిచేయడు. నచ్చని ఆసనం మానేయడానికి అందరికీ స్వేచ్ఛ ఉంటుంది. మన దగ్గర యోగా నేర్పే వాళ్లు ఈ రెండు నియమాలైనా పట్టించుకుంటే మేలు.

తాడు, పూలు, రాళ్లు

జ్ఞాపకంతో నేరుగా పనిచేసే చికిత్సలు చాలా ఉన్నాయి. ఎడ్నా ఫోవా రూపొందించిన పద్ధతిలో రోగి జరిగినదాన్ని సురక్షితమైన గదిలో మళ్లీ మళ్లీ చెబుతాడు. ప్యాట్రీషియా రెసిక్ పద్ధతిలో 'నాదే తప్పు' లాంటి నమ్మకాలను కాగితం మీద పెట్టి, అందుకు సాక్ష్యం ఏముందో ఒక్కొక్కటిగా పరిశీలిస్తారు. వీటి వెనకున్న సూత్రం ఒకటే. భయాన్ని చెరిపేయడం సాధ్యం కాదని పావ్లోవ్ కాలం నుంచీ తెలుసు. పాత పాఠం పక్కన 'ఇప్పుడు ప్రమాదం లేదు' అన్న కొత్త పాఠం చేరుతుంది, అంతే. అందుకే బాగా కోలుకున్నవాళ్లలో కూడా ఒత్తిడిలో పాత భయం ఒక్కోసారి తలెత్తుతుంది. దాన్ని చికిత్స ఓడిపోయినట్టు లెక్కించకూడదు.

ఒకే సంఘటన కాకుండా జీవితమంతా దెబ్బలే ఉన్నవాళ్లకు, దేన్ని ఎంచుకుని మొదలుపెట్టాలన్నదే చిక్కు. జర్మనీలోని కోన్‌స్టాంజ్ విశ్వవిద్యాలయంలో మ్యాగీ షావర్, ఫ్రాంక్ నోయ్‌నర్, థామస్ ఎల్బర్ట్ దీనికి ఒక దారి కనిపెట్టారు. దాని పేరు నెరేటివ్ ఎక్స్‌పోజర్ థెరపీ. మొదటి రోజుల్లో ఒక తాడును నేల మీద పరుస్తారు. ఒక కొస పుట్టుక. రెండో కొసను చుట్టగా వదిలేస్తారు, అది ఇంకా రాని కాలం. మంచి జరిగిన చోట పువ్వు, చెడు జరిగిన చోట రాయి పెట్టమంటారు. చిన్న దెబ్బకు చిన్న రాయి, పెద్దదానికి పెద్ద రాయి. రాళ్లు తప్ప మరేమీ ఉండవనుకుని వచ్చిన మనిషి, చదువు చెప్పిన టీచరు కోసం, బిడ్డ పుట్టిన రోజు కోసం పూలు వెతుక్కుంటాడు. ఏ రాయి తర్వాత ఏది వచ్చిందో మొదటిసారి కంటికి కనబడుతుంది.

ఆ తర్వాత పుట్టుక దగ్గర మొదలుపెట్టి వరసగా కథ చెప్పిస్తారు. రాయి దగ్గరికి వచ్చినప్పుడు వేగం తగ్గిస్తారు. అప్పుడు ఏం కనబడింది, ఏం వినబడింది, ఒంట్లో ఏమైంది, మనసులో ఏమనుకున్నారు అని అడుగుతారు. వెంటనే, ఇప్పుడు చెబుతుంటే ఒంట్లో ఏమవుతోంది అని కూడా అడుగుతారు. ఇలా అప్పటికీ ఇప్పటికీ మధ్య తిప్పుతూ ఉండడమే ఈ పద్ధతికి ప్రాణం. భయం పతాకస్థాయిలో ఉండగా కథ ఆపరు. ఆ రాత్రి గడిచి, తర్వాత ఏం జరిగిందో చెప్పేదాకా తీసుకెళ్తారు. థెరపిస్టు దాన్నంతా రాసి వచ్చే వారం చదివి వినిపిస్తాడు, చెప్పిన మనిషి తప్పులు దిద్దుతాడు. చివర్లో పూర్తి జీవితకథ సంతకాలతో ఆ మనిషి చేతికి వస్తుంది.

2004లో ప్రచురించిన ఒక పరీక్షలో, యుగాండా శిబిరంలో ఉన్న 43 మంది సూడాన్ శరణార్థులను మూడు గుంపులు చేశారు. నాలుగే నాలుగు సిట్టింగులు. ఏడాది తర్వాత చూస్తే, ఈ చికిత్స పొందినవాళ్లలో 29 శాతం మందికే పీటీఎస్‌డీ మిగిలింది. మామూలు కౌన్సెలింగ్ పొందినవాళ్లలోనూ, జబ్బు గురించి వివరణ మాత్రమే విన్నవాళ్లలోనూ దాదాపు 80 శాతం మందికి అలాగే ఉంది. తర్వాత నకివాలే శిబిరంలో 277 మంది రువాండా, సోమాలియా శరణార్థులతో చేసిన పెద్ద పరీక్షలో, సాటి శరణార్థులకే కొద్ది వారాల శిక్షణ ఇచ్చి కౌన్సెలర్లుగా పెట్టారు. అక్కడ ఈ పద్ధతీ, మరో రకం ట్రామా కౌన్సెలింగూ రెండూ ఒకేలా పనిచేశాయి. పద్ధతి పేరు పట్టుకుని మొండికేయనక్కర్లేదని, డాక్టర్లు దొరకని చోట కూడా శిక్షణ పొందిన మామూలు మనుషులు ఈ పని చేయగలరని ఆ ఫలితం చెబుతోంది.

నెరేటివ్ ఎక్స్‌పోజర్ థెరపీకి ఒక మూలం చిలీలో ఉంది. పినోచే నియంతృత్వంలో చిత్రహింసలు పడినవాళ్ల సాక్ష్యాన్ని రికార్డు చేసి రాయడమే చికిత్సగా అక్కడి మనస్తత్వవేత్తలు వాడారు. భారతదేశంలో వారణాసి కేంద్రంగా పనిచేసే మానవ హక్కుల సంస్థ పీవీసీహెచ్‌ఆర్, డెన్మార్క్ నిపుణులతో కలిసి 2008 తర్వాత ఇలాంటి సాక్ష్య చికిత్సను ఉత్తరప్రదేశ్‌లో పోలీసు హింస బాధితులతో చేసింది. చివరి ఘట్టం గదిలో జరగదు. ఊరి జనం ముందు ఆ సాక్ష్యాన్ని చదివి, ఆ మనిషిని గౌరవించి, కాగితాన్ని చేతికి ఇస్తారు. అవమానం నలుగురి మధ్య జరిగింది కాబట్టి గౌరవం కూడా నలుగురి మధ్యే జరగాలన్న ఆలోచన ఈ దేశపు పల్లెలకు చక్కగా అతుకుతుంది.

కళ్లను అటూ ఇటూ కదిలిస్తూ జ్ఞాపకాన్ని తలచుకునే ఈఎండీఆర్ పద్ధతిని ఫ్రాన్సిన్ షపీరో 1989లో ప్రచురించింది. అది పనిచేస్తుందన్నదానికి మంచి ఆధారాలున్నాయి. ఎందుకు పనిచేస్తుందన్నదాని మీద వాదం నడుస్తోంది. మనసు ఒకేసారి రెండు పనులు మోయాల్సి రావడంతో జ్ఞాపకం పదును తగ్గుతుందన్న వివరణకు ఎక్కువ బలం ఉంది.

నిపుణుల మధ్య పెద్ద చర్చ ఇంకొకటుంది. భద్రతా దశ పూర్తయ్యేదాకా జ్ఞాపకాన్ని తాకకూడదని 2012లో ఒక నిపుణుల బృందం సూచించింది. 2010లో మార్లీన్ క్లోయిత్రే చేసిన పరీక్షలో ముందు భావోద్వేగాలను అదుపులో పెట్టుకునే నేర్పు ఇచ్చి, తర్వాత జ్ఞాపకాల పని చేసిన స్త్రీలు ఎక్కువ బాగుపడ్డారు, మధ్యలో మానేసినవాళ్లూ తక్కువే. కానీ 2016లో ఆద్ డి యాంగ్ తదితరులు, అందరికీ ఈ నిరీక్షణ అవసరమన్న ఆధారం బలహీనంగా ఉందని వాదించారు. 'నువ్వింకా సిద్ధంగా లేవు' అని ఏళ్లపాటు వాయిదా వేయడం కూడా ఒక అన్యాయమే. బయటి ప్రమాదం తప్పి, రోగి అడుగుతున్నప్పుడు, జ్ఞాపకాల చికిత్సను ఆపి ఉంచడం తగదు.

మందులు, మనుషులు

సెర్ట్రలిన్, పారోక్సెటిన్ లాంటి మందులు కొందరికి ఉపశమనం ఇస్తాయి, మాట్లాడే చికిత్సకు తోడుగా పనికొస్తాయి. మెడికల్ షాపులో తెలిసినవాళ్లు ఇచ్చే ఆల్‌ప్రజోలామ్ లాంటి మాత్రల సంగతి వేరు. దారుణం జరిగిన మొదటి నెలలో వచ్చే తీవ్ర ఒత్తిడి లక్షణాలకు వాటిని ఇవ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో స్పష్టంగా చెప్పింది. అలవాటు పడ్డాక ఒక్కసారిగా మానేయడమూ ప్రమాదమే, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. తాగుడు సంగతి సరేసరి. నిద్ర పట్టాలని తాగే మందు నిద్రనే చెడగొడుతుంది.

పనికిరానివీ ఉన్నాయి. విపత్తు జరిగిన వెంటనే బాధితుణ్ని కూర్చోబెట్టి ఒక్క సిట్టింగులో అనుభవం చెప్పించే డీబ్రీఫింగ్ వల్ల ప్రయోజనం లేదని, కొందరికి కీడు కూడా జరిగిందని 2002 నాటి కాక్రేన్ సమీక్ష తేల్చింది. రోగికి గుర్తులేని జ్ఞాపకాలను తవ్వి తీస్తామనే థెరపిస్టుల దగ్గర మరింత జాగ్రత్తగా ఉండాలి. గుచ్చి గుచ్చి అడిగితే జరగనిది కూడా జరిగినట్టు గుర్తుకు రావచ్చని ఎలిజబెత్ లాఫ్టస్ ప్రయోగాలు చూపించాయి.

ఒక్క దెబ్బ తిన్నవాళ్లకు ఎనిమిది నుంచి పన్నెండు సిట్టింగులు చాలని బ్రిటన్ మార్గదర్శకాలు చెబుతాయి. ఏళ్ల గాయానికి ఇంకా ఎక్కువ పడతాయి. ఆ దారిలో అందరూ మరచిపోయే ఘట్టం శోకం. భయం తగ్గాక, పోయిన బాల్యం, పోయిన పదేళ్ల వయసు కళ్లముందు నిలుస్తాయి. ఏడుపు ఎక్కువైతే చికిత్స వల్లే చెడిపోయిందని ఇంట్లోవాళ్లు కంగారు పడతారు. అది చెడిపోవడం కాదు. 'జరిగిందేదో జరిగిపోయింది, మర్చిపో' అనేవాళ్లు ప్రేమతోనే అంటారు. ఆ మాట మాత్రం సరిగ్గా రివర్స్ నూరేళ్ల కిందట తప్పని చూపిన సలహాయే. దాని బదులు నమ్మడం, తొందరపెట్టకుండా వినడం, తానుగా చెప్పని వివరాలు లాగకపోవడం, ఇప్పుడు ఏం కావాలో అడిగి తెలుసుకోవడం కుటుంబం చేయగల పనులు. కోలుకోవడం అంటే మర్చిపోవడం కాదు. జ్ఞాపకం వచ్చినా, అది ఎప్పటిదో తెలిసి, చేస్తున్న పని ఆగకపోవడం.

మానసిక ఆరోగ్య చికిత్స ప్రభుత్వ సేవల్లో అందడం హక్కని, ఒంటి జబ్బులతో సమానంగా బీమా వర్తించాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. శిక్షణ పొందిన థెరపిస్టులు జిల్లా కేంద్రాలు దాటి దొరకడం కష్టమే అయినా, మొదటి అడుగుకు ఖర్చు లేదు. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ నంబరు 14416కి ఏ వేళలోనైనా, తెలుగులోనే ఫోను చేసి మాట్లాడవచ్చు. ఇంట్లో హింస ఇంకా సాగుతుంటే స్త్రీలు 181కి, పిల్లలైతే 1098కి చేయాలి.